సముద్రం దాటిన చెయ్యి

"ఆ గంగాళం ముట్టుకోబాక కోమలా."

అటక మీదనుంచి దించిన గంగాళానికి చింతపండు రాయబోతున్న కోమలవల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది. తిరిగి చూస్తే గడపలో భర్త శఠగోపం. తెల్లవారుజాము పాశురాల గోష్ఠి ముగించుకుని గుడినుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఉత్తరీయం కూడా తీయలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఫలానా గిన్నె ముట్టవద్దని ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అన్నీ తోమి, అన్నీ మోసి, అన్నిట్లోనూ వండిన చెయ్యి అది.

"ఎవరు చెప్పినారు?" అంది.

"ఎవరు చెప్తేనేమి. ముట్టుకోబాక, అంతే."

"రేపు కూడారై. ఈ పొద్దు తోమి ఆరబెట్టకపోతే రేపు తెల్లారి పొయ్యి మీదికి యాడనుంచి వస్తుంది?"

శఠగోపం చిత్తూరు కోర్టులో శిరస్తాదారుగా చేసి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళ వాంగ్మూలం రాసుకోవడం బాగా వచ్చు గానీ తనవంతు వచ్చేసరికి ఎప్పుడూ నీళ్ళు నములుతాడు.

ఆ గుడి వీధికి ధనుర్మాసమంతా ఒక ఎత్తు, ఇరవైఏడో పాశురం నాటి కూడారై ఒక్కరోజు ఒక ఎత్తు. నెల పొడుగునా వరదరాజ పెరుమాళ్ళకు ఒక్కో ఇంటినుంచి ఒక్కో ప్రసాదం పోతుంది. కూడారై నాటి అక్కారవడిసల్ మాత్రం శఠగోపం ఇంటినుంచే పోవాలి. పాలలో కరిగిపోయిన బియ్యం, పెసరపప్పు, బెల్లం, పైన తేలే నెయ్యి. ఇంటి కోడలు తలస్నానం చేసి తడిబట్టతో వండాలి, ఇంటి మగవాడు నెత్తిన పెట్టుకుని మోసుకుపోవాలి. జీతానికి పెట్టుకున్న వంటమనిషి పనికిరాదు. పెళ్ళయి పలమనేరు వెళ్ళిపోయిన కూతురు రంగప్రియ కూడా పనికిరాదు. శఠగోపం తాత కాలంనుంచీ అదే ఆ ఇంటి కైంకర్యం. మోకాళ్ళు పట్టేసేదాకా అత్తగారు గోదమ్మ వండింది, ఆ తరవాతనుంచి కోమలవల్లి వండుతోంది.

ఈ ఏడు ఆ ఇంటినుంచి పోకపోతే పక్క వరసలోవాళ్ళు అందుకోవడానికి కాచుక్కూర్చుని ఉన్నారు. ఒకసారి చేతులు మారితే మళ్ళీ తమ గడప తొక్కదని శఠగోపానికీ తెలుసు, కోమలవల్లికీ తెలుసు.

చివరికి ఆయన స్తంభానికి ఆనుకుని చెప్పుకొచ్చాడు. గోష్ఠి అయ్యాక ధర్మకర్త తిరుమలయ్య శెట్టి పక్కకు పిలిచాడట. సముద్రం దాటి వచ్చిన చేతి వంట పెరుమాళ్ళకు ఎట్లా పెడతారని నలుగురూ అడుగుతున్నారట. అర్చకుడు పరాశర్ భట్టరును కూడా కనుక్కున్నారట. ప్రాయశ్చిత్తం చేసుకుంటే ఏ అభ్యంతరమూ లేదన్నాడట. స్నానం, సంకల్పం, కొంచెం పంచగవ్యం. ఎంతసేపు పని?

"ఒక ఉద్ధరిణెడు నోట్లో పోసుకుంటే అయిపోతుంది," అన్నాడు. "నీకేం పోయింది?"

"నేనేం తప్పు చేసినానని పోసుకోవాల?"

"తప్పని ఎవరన్నారు? ఆచారం."

"తప్పు లేకుండా ప్రాయశ్చిత్తం ఉంటుందా? మీ కోర్టులో నేరం లేకుండా శిక్ష వేసినారా ఎప్పుడన్నా?"

వేశారనే చెప్పాలి శఠగోపం. ఎన్నో చూశాడు. ఆ మాట మింగేసి, "నిన్న నువ్వు నోరు జారకుండా ఉండింటే ఇంత వచ్చేదే కాదు," అన్నాడు.

"నోరు జారలేదండీ. అడిగినారు, చెప్పినాను."

అసలు నోరు జారింది శఠగోపమే. రిటైరైన టీచర్ల బృందంతో భార్య కంబోడియా పోతే, వీధిలో అడిగినవాళ్ళందరికీ బదరి యాత్ర పోయిందని చెప్పాడు. ఆమె పోయింది నవంబరు నెలాఖరులో. అప్పటికి బదరిలో మంచు పడి గుడి తలుపులు మూసేస్తారన్న సంగతి ఆయనకు తోచలేదు. నిన్న గోష్ఠి ముగిసి పొంగలి పంచుతుంటే అదే వీధి ఆదిలక్ష్మమ్మ ఆ సంగతే అడిగింది. తలుపులు మూసినాక ఏమి దర్శనం చేసుకున్నావమ్మా అని. పాపం ఆమె అడగడంలో ఎత్తిపొడుపు లేదు, ఆవిడ రెండుసార్లు బదరి పోయివచ్చిన మనిషి.

కోమలవల్లి మొగుడి వైపు చూసింది. ఆయన దొన్నెలోని పొంగలి వైపు చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకోవాలని ఆమెకు అనిపించలేదు. నెలా నెలన్నరగా గొంతులో నిలబడి ఉన్న మాట అది.

"నేను బదరి పోలేదమ్మా. సముద్రం దాటి కంబోడియా పోయినాను. ఆడ మన పెరుమాళ్ళు ఉండాడు," అని మొదలుపెట్టి, ప్రసాదం చల్లారిపోయేదాకా చెప్పింది.

చెప్పినందుకు ఇప్పటికీ ఆమెకు పశ్చాత్తాపం లేదు. పైగా గర్వంగానే ఉంది.

బాలికల హైస్కూల్లో జీవితమంతా సోషల్ చెప్పింది కోమలవల్లి. గోడకు పటం తగిలించి, బెత్తం కొసతో ఇది బంగాళాఖాతం, ఇది హిందూ మహాసముద్రం అని చూపించింది. ఎంతమంది ఆడపిల్లలు ఆమె చేతికింద నీలం రంగు పెన్సిల్ అరగదీశారో లెక్కలేదు. చూపించిన చోట్లలో ఒక్కదానికీ పోలేదు తను. ఉద్యోగం అయిపోయాక మాత్రం కాళ్ళు ఊరుకోలేదు. కాశీ, ప్రయాగ, బదరి, ద్వారక తిరిగింది. నేపాల్‌లో ముక్తినాథ్ కూడా చూసింది. అది పరదేశమే. చలికి పెదాలు పగిలి రక్తం కారింది. తిరిగి వస్తే వీధి వీధంతా వచ్చి కాళ్ళకు మొక్కారు, సాలగ్రామ తీర్థం అడిగి తీసుకున్నారు. ఆ ఏడు ఆమె వండిన అక్కారవడిసల్ కోసం జనం రెండోసారి చెయ్యి చాపారు. దేశం దాటినా ఏ దోషమూ లేదు, ఎందుకంటే మధ్యలో నీళ్ళు లేవు.

రామేశ్వరం పోయినప్పుడు ఇంటిల్లిపాదీ రైల్లో సముద్రం మీదుగానే పోయారు. ఆ మాట ఈ పొద్దు భర్తతో అంటే, అది సేతువు, అది వేరే అన్నాడు. ఎట్లా వేరో అడిగితే తువ్వాలు తీసుకుని పెరట్లోకి పోయాడు.

కంబోడియా యాత్ర ఆమెకు అన్నిటికన్నా పైది. మద్రాసులో విమానం లేచి, తీరం వెనక్కి పోయి, కిటికీ కింద నీళ్ళు తప్ప మరేమీ లేనప్పుడు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పటంలో తను అరచేత్తో కప్పేసిన బంగాళాఖాతం అది. ఎంతసేపు పోయినా అయిపోదు. పక్క సీటులోని లెక్కల టీచరు లోకేశ్వరి భయపడుతున్నావా అని అడిగింది. భయం కాదు, సంతోషం.

ఆ దేశంలో ఆమె మడి వదల్లేదు. పులిహోర గుజ్జు, అటుకులు, కరివేపాకు పొడి, చిన్న కరెంటు కుక్కరు మోసుకుపోయింది. హోటలు గదిలో ఆమె వండుతుంటే, మొదటిరోజు నవ్విన టీచర్లే రెండోరోజునుంచి కంచాలు పట్టుకుని తలుపు కొట్టారు.

అంగ్‌కోర్ వాట్ పడమటి వాకిట్లో, గోపురం లోపల, ఎనిమిది చేతులతో నిలువెత్తు విష్ణువు. కంచిలో అష్టభుజ పెరుమాళ్ళను సేవించిన కళ్ళకు వేరే ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆ ఊరివాళ్ళు ఆయనకు పసుపుపచ్చ బట్ట కప్పి, అగరుబత్తీలు వెలిగించి మొక్కుకుంటున్నారు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఆమెకు మాత్రం ఒకటే అనిపించింది, ఈయనకు మన పాశురం వినిపించి ఎన్ని వందల ఏళ్ళయిందో అని. బృందం ముందుకు పోతున్నా ఆమె కదల్లేదు. చేతి సంచీలో కలకండ ఉంది. అరచేతిలో పెట్టుకుని, గొంతెత్తి పాశురాలు చెప్పి, కలకండ నివేదించింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న ఆ ఊరి ముసలావిడకు ఒక పలుకు పెడితే ఆవిడ కళ్ళకు అద్దుకుని నోట్లో వేసుకుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆవిడ కోమలవల్లి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

దానికి ప్రాయశ్చిత్తమట.

పది దాటాక పరాశర్ భట్టరు తనే వచ్చాడు. ముప్పై నిండని కుర్రవాడు, ఎదుట నిలబడి గట్టిగా మాట్లాడలేడు. కోమలవల్లి చాప వేసింది. ఆమె చేతి మజ్జిగ తాగాడు కూడా. తాగి, గ్లాసు కింద పెట్టి, ఇది తన సొంత మాట కాదని, పెద్దలనుంచి వచ్చిన కట్టుబాటని మెల్లగా చెప్పాడు.

"నువ్వు చెప్పు నాయనా. నేను చేసింది తప్పా?"

అతను గ్లాసును పక్కకు జరిపాడు. "నన్ను కూడా పిలిచినారమ్మా, సింగపూర్ గుడికి. రెండుసార్లు. ఇల్లు కట్టుకునేంత జీతం. పోతే మళ్ళీ గర్భగుడిలో మూలవర్లను ముట్టే యోగ్యత పోతుందని మా నాయన చెప్పినాడు. నేను పోలేదు. మీది తప్పు కాదంటే నేను పోకపోవడం ఏమవుతుందమ్మా?"

ఆ పిల్లవాడి ముఖంలో కోపం లేదు. వదులుకున్నదాన్ని వృథా కానివ్వవద్దని అడుగుతున్నాడు, అంతే. ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. ఉద్ధరిణెడే కదా అనుకుంది కూడా.

"నువ్వు పోకపోవడం పెద్ద సంగతే నాయనా," అంది చివరికి. "ఆయన కోసం నువ్వు ఆగిపోయినావు. నేను ఆయన కోసమే పోయినాను. నిన్ను తక్కువ చెయ్యను. నన్ను తక్కువ చేసుకోమనొద్దు."

పరాశర్ లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఏ నిర్ణయమూ చెప్పలేదు. సాయంత్రం ధర్మకర్తతో కలిసి వస్తానన్నాడు.

శఠగోపం అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు. తాత మోసిన గంగాళం, నాన్న మోసిన గంగాళం రేపు తన నెత్తిన ఉండదన్న దిగులు ఆయనది. కోమలవల్లికి ఆ దిగులు అర్థం కాకపోలేదు. ఆయన నడుస్తుంటే వీధిలోవాళ్ళు దారి ఇచ్చి చేతులు జోడించే రోజు ఏడాదికి అదొక్కటే. జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన పంచగవ్యం గొంతు దిగదు.

వీటన్నిటికన్నా ఆమెను బాధపెడుతున్నది అత్తగారి మౌనం. గోదమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. నిన్న కొడుకు వచ్చి గుడిలో జరిగింది చెప్పిందగ్గర్నుంచి నోరు విప్పలేదు. కేకలేసినా బాగుండేది. కోమలవల్లి కోడలిగా వచ్చిన కొత్తలో పప్పులో ఉప్పు ఎక్కువైనందుకు మూడు రోజులు దెప్పిన మనిషి, ఇంత జరిగితే గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం మజ్జిగన్నం కలిపి గదిలోకి తీసుకుపోయింది కోమలవల్లి. శఠగోపం వసారాలో కునుకు తీస్తున్నాడు.

"తలుపు దగ్గరగా వెయ్యి," అంది గోదమ్మ.

వేసి వచ్చి మంచం పక్కన కూర్చుంది. తిట్లు తినడానికి సిద్ధమైంది.

"విమానంలో కిటికీ పక్కన కూచున్నావా?"

"కూచున్నాను అత్తమ్మా."

"నీళ్ళు కనిపించినాయా?"

"కనిపించినాయి. ముందు పచ్చగా ఉండినాయి, పోనుపోను నీలంగా..."

"నడి సముద్రంలో నల్లగా ఉంటాయి," అంది గోదమ్మ. "ఓడ పక్కన నురగ మాత్రం తెల్లగా ఉంటాది. తక్కినదంతా నలుపే."

కోమలవల్లి ఆమె ముఖంలోకి చూసింది. అత్తగారు రామేశ్వరం దాటి ఎక్కడికీ పోలేదు. అక్కడైనా సముద్రానికి వీపు పెట్టి కూర్చుందని ఇంట్లో అందరూ నవ్వుకునేవాళ్ళు.

"నేను పుట్టింది శ్రీకాళహస్తిలో కాదు కోమలా. రంగూన్‌లో."

ఆ తరవాత గోదమ్మ ఆగలేదు. ఆమె తండ్రి ఒక వ్యాపారి కట్టించిన గుడిలో మడి వంటకు రంగూన్ పోయాడట. ఆ ఊళ్ళోనే పెళ్ళాన్ని పెట్టుకుని కాపురం చేశాడు. గోదమ్మకు ఆరో ఏడు నడుస్తుండగా యుద్ధం వచ్చింది. ధనుర్మాసంలో, పట్టపగలు బాంబులు పడ్డాయి. కట్టుబట్టలతో రేవుకు పరిగెత్తారు. ఓడలో చోటు దొరకడానికే చాలా రోజులు పట్టింది. ఓడ పైతట్టు మీద కాళ్ళు చాపుకునేంత చోటు కూడా లేదు.

ఓడవాళ్ళు పెట్టిన అన్నం తల్లి ముట్టలేదట. మూటలోని అటుకులు తడిపి తినేది.

"తడిపిన నీళ్ళు ఓడవాళ్ళవే. ఏం మడి, ఏం మడి," అని నవ్వింది గోదమ్మ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నేను ఏడుస్తుంటే ఒళ్ళో కూచోబెట్టుకుని రోజుకొక పాశురం చెప్పించింది మా అమ్మ. వీధిలో అందరూ గోదమ్మ గొంతు అంటారే, ఆ గొంతు ఓడ మీద వచ్చింది. ఆ ఏడు కూడారై కూడా ఓడ మీదే వచ్చింది. కొంగున బెల్లం ముక్క ఉండింది. సముద్రం వైపు తిరిగి నివేదన చేసి, మాకు తలా ఇంత పెట్టి, పక్కన కూచున్నోళ్ళకు కూడా పెట్టింది. ఏ కులమో ఏ మతమో అడగలేదు. ఆ రుచి నా చేతి వంటకు ఎన్నడూ రాలేదు."

శ్రీకాళహస్తి చేరాక తండ్రి మద్రాసునుంచి వచ్చామని అందరికీ చెప్పాడు. పెళ్ళి కుదిరినప్పుడు తల్లి చేతిలో చెయ్యి వేయించుకుంది, మెట్టినింట్లో ఆ ఊరిపేరు ఎత్తవద్దని. ఎత్తితే కైంకర్యం చేతికివ్వరని.

"మీ మామగారికి కూడా చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. తొలి కూడారైకి వండి పంపినాను. ఏమన్నా అవుతుందేమోనని గుడి దగ్గరికి పోకుండా వంటింట్లోనే కూచున్నాను. ఏమీ కాలేదు. అందరూ తిని బాగుందన్నారు."

కోమలవల్లి ఆ ముడతలు పడ్డ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్ళు ఈ చేతికింద వంట నేర్చుకుంది, ఈ చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండానే.

"నిన్న శఠగోపం వచ్చి చెప్తే నాకు కోపం రాలేదు. సిగ్గేసింది," అంది గోదమ్మ. "నేను దాచినాను. నువ్వు నలుగురిలో చెప్పినావు. నేను ఆ పక్కనుంచి ఈ పక్కకు వచ్చినాను, నువ్వు ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయినావు. సముద్రం అదే."

"అదే అత్తమ్మా. బంగాళాఖాతం."

"ఆ పేరేమో నాకు తెలీదు." కోడలి చెయ్యి వదలకుండా, "ఇది నీ దగ్గరే ఉండనీ. ఇంత వయసొచ్చినాక నా కొడుకు నన్ను కొత్తగా చూస్తే ఓర్చుకోలేను," అంది.

కోమలవల్లి మాట ఇచ్చింది. మజ్జిగన్నం తినిపించి, మూతి తుడిచి బయటికి వచ్చింది. వీధి నోళ్ళన్నీ ఒక్కసారిగా మూయించగల మాట ఇప్పుడామె దగ్గర ఉంది. దాన్ని వాడకూడదు. అయినా ఆమెకు ఇందాకటి ఒంటరితనం లేదు. ఒళ్ళు గర్వంతో నిండిపోయింది. ఆ గర్వంలో సగమైనా అత్తగారిదే.

సాయంత్రం దీపం పెట్టే వేళకు తిరుమలయ్య శెట్టి, పరాశర్ వచ్చారు. శెట్టిది మామిడి మండీ. కాయలు కొని గుజ్జు ఫ్యాక్టరీలకు వేస్తాడు. మంచి మనిషే, గుడికి సొంత డబ్బుతో సున్నం వేయించాడు. కోమలవల్లి ఇచ్చిన కాఫీ ఊదుకుంటూ తాగాడు. తన చేతి కాఫీకి ఏ అడ్డూ లేదని ఆమె గమనించింది. మీ మామిడి గుజ్జు ఓడలెక్కి దుబాయి పోతుంది గదా, దానికేం ప్రాయశ్చిత్తమని అడిగితే శెట్టి నవ్వాడు. కాయ తిరిగి రాదు గదమ్మా అన్నాడు. ఆ జవాబుకు ఆమెకే నవ్వొచ్చింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"సూడండమ్మా, నేను శాస్త్రం సదివినోణ్ణి గాదు," అన్నాడు శెట్టి. "మీ కైంకర్యం మీ ఇంట్లోనే ఉండాలని నాకుండాది. పక్క వరసోళ్ళు అప్పుడే పాలు పురమాయించినారు. మీరు ఊ అంటే ఈ క్షణం భట్టరు సామి సంకల్పం సెప్పిస్తాడు. అందరి నోరూ మూతపడుతుంది."

శఠగోపం భార్య వైపు చూశాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, బతిమాలడమే ఉంది. కోమలవల్లికి అదే ఎక్కువ కష్టం అనిపించింది.

"కైంకర్యం పోతే నా కడుపు రగిలిపోతుంది," అంది ఆమె. "మీ అందరికన్నా నాకే ఎక్కువ. అయినా ప్రాయశ్చిత్తం చేసుకోను. చేసుకుంటే ఆ దేశంలో పెరుమాళ్ళ ముందు నిలబడి చేతులు జోడించింది పాపమని ఒప్పుకున్నట్టు. ఆ అబద్ధం నేను చెప్పలేను."

పరాశర్ తల దించుకున్నాడు. శఠగోపం కుర్చీ చేతిని గోటితో గీరుతూ కూర్చున్నాడు.

అప్పుడు శెట్టికి ఆలోచన తట్టింది. తట్టగానే ముఖం విప్పారింది.

"పెద్దమ్మ ఉండారు గదా సామీ. పొయ్యి ముందర పీట వేసి కూసోబెట్టి, ఆ తల్లి సేత్తో గరిటె తిప్పిస్తే సాలు. తక్కిన పని మనం సూసుకుంటాం. వీధంతా ఆ తల్లి సేతి ప్రసాదం తిని పెరిగినోళ్ళమే. గడప దాటి ఎరుగని మనిషి. అంతకన్నా శుద్ధమైన సెయ్యి ఈ వీధిలో యాడుండాది?"

శఠగోపం గబుక్కున లేచాడు. పొద్దున్నుంచి మొదటిసారి ఆయన ముఖంలో వెలుగు కనిపించింది. ఇంత తేలిక దారి తనకెందుకు తోచలేదని తనలో తనే అనుకుంటూ లోపలి గది వైపు నడిచాడు.

"వద్దండీ," అంది కోమలవల్లి. "అత్తమ్మను ఇందులోకి లాగొద్దు."

ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "నువ్వు వండవు. మా అమ్మను కూడా వండనివ్వవా?"

ఆ మాట అందరి ముందూ పడింది. శెట్టి గోడ మీది పటం చూస్తున్నట్టు నటించాడు. కోడలికి ఎంత పంతమో అని ఆయన అనుకుంటున్నాడని కోమలవల్లికి తెలుస్తూనే ఉంది. ఒక్క వాక్యం చాలు, అందరి తలలూ దిగిపోతాయి. ఆమె పళ్ళ బిగువున ఊరుకుంది. ఇచ్చిన మాట కన్నా తన పరువు ఎక్కువ కాదు.

ఇంతలో గది తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని గోదమ్మ తనే బయటికి వచ్చింది. ఆమెకు అన్నీ వినపడ్డాయి. శెట్టి, పరాశర్ లేచి నిలబడ్డారు. శఠగోపం చెయ్యి అందిస్తే పట్టుకోకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది.

శెట్టి మళ్ళీ మొదటినుంచి అంతా విన్నవించాడు. ఆయన గొంతులో భక్తి ఉంది. ఒక్క గరిటె తిప్పితే చాలు తల్లీ, మీ చెయ్యి పడితే ఈ ఇంటి మర్యాద నిలబడుతుంది అన్నాడు.

తల ఊపితే అయిపోతుంది. కైంకర్యం ఇంట్లోనే ఉంటుంది, కొడుకు రేపు గంగాళం నెత్తిన పెట్టుకుంటాడు, జీవితమంతా దాచింది దాగే ఉంటుంది. ఊపెయ్యండి అత్తమ్మా అని కోమలవల్లి మనసులో వేడుకుంది. ఓడిపోయిందాన్నని వీధి అనుకున్నా ఫరవాలేదు, ఊపెయ్యండి.

గోదమ్మ తల ఊపలేదు. కోడలి వైపు చూసింది.

"కోమలా, నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

"ఏం చెప్పేదమ్మా?" అన్నాడు శఠగోపం.

కోమలవల్లి వెళ్ళి అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "మీరే చెప్పండి అత్తమ్మా. మీ నోటితో చెప్తేనే దానికి అందం."

గోదమ్మ వీపు నిటారుగా పెట్టుకుంది. ఆమె అట్లా కూర్చుని ఎన్నో ఏళ్ళయింది. ముందు కొడుకును చూసింది, తరవాత శెట్టిని, ఆఖరున పెరుమాళ్ళ కోసం ఎక్కడికీ పోని ఆ కుర్రవాణ్ణి చూసింది. చూపు అతని దగ్గరే నిలిచింది.

"నాయనా పరాశర్, నువ్వు దగ్గరికొచ్చి కూచో. ఇన్నేళ్ళూ ఏ చేతి వంట మీ నాయన నివేదించినాడో, చిన్నప్పుడు నువ్వు ఏ చేతి ప్రసాదం తిన్నావో చెప్తాను. విని, నువ్వే చెప్పు, పెరుమాళ్ళు ఆరగించినాడా లేదా అని."